సుధీంద్ర చెయ్యి, జాయింట్ సెక్రటరీ గారి తల

ఆ ఆదివారం ఉదయం శేషగిరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎయిర్‌పోర్టుకి వెళ్లి, హైదరాబాదు నుంచి వచ్చే టీవీ యాంకర్ సుధీంద్రని తన మారుతీలో ఎక్కించుకోవాలి. సాయంత్రం తెలుగు సంఘం ఉగాది సభ అయ్యేదాకా అతన్ని కనిపెట్టుకుని ఉండాలి. మర్నాడు ఆఫీసులో జాయింట్ సెక్రటరీ రామమోహనరావు గారి గదిలోకి నవ్వుతూ వెళ్లి, తన షిల్లాంగ్ బదిలీ రద్దు చేయమని ఇంకోసారి బతిమాలాలి. కూతురు స్నిగ్ధ పన్నెండో తరగతిలోకి వచ్చింది. ఈ ఏడు దేశ రాజధానిలోని ఈ ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చేస్తే పిల్ల చదువు అటకెక్కినట్టే.

కాఫీ గ్లాసు చేతికిస్తూ భార్య కస్తూరి ఆ పథకాన్ని కాస్తా కూల్చేసింది.

"సభకి అధ్యక్షులెవరో తెలుసా? మీ రామమోహనరావు గారేనట. రాత్రి సంఘం పద్మనాభం గారు ఫోన్ చేసి ఒప్పించారట. సుధీంద్ర పక్కనే కుర్చీ."

శేషగిరికి పొలమారింది.

రామమోహనరావు గారిది విగ్గు. ఆ సంగతి మినిస్ట్రీలో గేటు దగ్గర కాపలావాడితో సహా అందరికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనరు. ఆయన మీటింగుకి వస్తున్నారంటే ఎవరో ఒకరు లేచి ఫ్యాను తగ్గిస్తారు. మే నెలలో చెమటలు కక్కుతూ కూర్చుంటారు గానీ, ఎందుకు తగ్గించావని అడిగిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ప్రభుత్వోద్యోగంలో కొన్ని మర్యాదలకి ఆర్డర్లు అక్కర్లేదు.

ఇక సుధీంద్ర సంగతి. ఏలూరులో పెళ్లిళ్లకి మిమిక్రీ చేసుకునే మనిషి, 'గలాటా గంట' అనే షోతో రాష్ట్రమంతా తెలిసిపోయాడు. అందులో పాట, డాన్సు, జోకు అన్నీ ఉంటాయి గానీ అసలు సరుకు అతిథిని ఏడిపించడమే. లాయర్లని వెక్కిరిస్తే ధర్నా చేశారు. డాక్టర్లని వెక్కిరిస్తే దిష్టిబొమ్మ తగలబెట్టారు. దిష్టిబొమ్మ కాలినప్పుడల్లా చూసేవాళ్లు పెరిగారు. రెండు ఛానళ్లు గెంటేస్తే మూడోది జీతం పెంచి మరీ పిలిచింది. అతిథి తల మీద చెయ్యి వేసి, జుట్టంతా చెరిపి, "ఇప్పుడు చెప్పండి నిజం!" అనడం అతని ముద్ర. క్రిందటి నెల ఒక పెద్ద గాయకుడి తల మీద అలాగే చెయ్యి వేస్తే జుట్టంతా చేతిలోకి వచ్చేసింది. అదీ లైవ్‌లో. గాయకుడు కోర్టుకెక్కాడు, ఛానల్ షో ఆపేసింది. అప్పట్నుంచి సుధీంద్ర సభలకీ సన్మానాలకీ ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నాడు.

"ఆ చెయ్యి మా సార్ తల మీద పడితే ఇంకేమైనా ఉందా! షిల్లాంగ్ కాదు, అంతకన్నా అవతల ఏముంటే అక్కడికి తోసేస్తారు నన్ను" అన్నాడు శేషగిరి.

"పాపా, సింపుల్ హై. ఉన్‌కో బోల్ దో నా, విగ్ హై" అంది స్నిగ్ధ, విగ్గని అతనికి చెప్పేస్తే సరి అన్నట్టు.

"నోర్ముయ్! ఆ మాట ఎవరూ అనరు!"

టీవీలో పులిలా గర్జించే సుధీంద్ర కారులో ఒద్దికగా కూర్చున్నాడు. ధౌలాకువా కూడలి దాటాక శేషగిరి ధైర్యం చేశాడు.

"చిన్న మాటండీ. అధ్యక్షుల వారి తల జోలికి మాత్రం వెళ్లకండి. ఆయనకి... మెడ పట్టేసింది."

"అయ్యో, మీరు చెప్పాలా సార్! ఇంకో గొడవ వచ్చిందంటే ఛానల్ వాళ్లు నా ముఖమే చూడరట. ఇద్దరు పిల్లలండీ నాకు. నా చేతులు వెనక్కి కట్టేసుకునే ఉంటాను."

శేషగిరి హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య గెస్ట్‌హౌస్ దాకా కూడా నిలవలేదు. సుధీంద్ర జాగ్రత్త కొద్దీ సంఘం అధ్యక్షుడు పద్మనాభానికి ఫోన్ చేసి, పెద్దాయనకి మెడ బాగాలేదట, కుర్చీ కాస్త దూరంగా వేయించండి అన్నాడు. పద్మనాభం వెంటనే శేషగిరికి ఫోన్ కొట్టాడు.

"ఏవిటండీ, ఉత్త మెడేనా? తలకి కూడా ఏమన్నా అయిందా?"

కాదంటే ఎందుకని అడుగుతాడు. శేషగిరి గొంతు తగ్గించాడు. "తల కూడా... కాస్త సున్నితమేనండీ. ఎవరితోనూ అనకండి."

పద్మనాభం ఎవరితోనూ అనలేదు, భార్య సుభద్రతో తప్ప. ఆవిడ కూడా ఎవరితోనూ అనలేదు, స్వాగతగీతం పాడే ఆంటీలతో తప్ప. తలకి సున్నితమంటే ఆపరేషన్ కాక మరేమిటని ఒకావిడ తేల్చింది. తల మీద కుట్లేమీ కనపడవు కదా అని ఇంకొకావిడ సందేహపడితే, ఈ రోజుల్లో అంతా లేజరే అని మూడో ఆవిడ తీర్చేసింది. సాయంత్రానికల్లా డప్పుల కార్యక్రమం రద్దయి, స్వాగతగీతం స్థానంలో ఆయురారోగ్య ప్రార్థన వచ్చి చేరింది. శేషగిరి తన వంతు సేవగా వేదిక మీద ఫ్యాన్లన్నీ ఆపించాడు.

రామమోహనరావు గారు కారు దిగగానే ఇద్దరు చెరో రెక్కా పట్టుకున్నారు. మెత్తలు వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. బరువని పూలదండ వెయ్యలేదు, చేతికిచ్చారు. సుధీంద్ర చేతులు వెనక్కి కట్టుకుని అల్లంత దూరాన నిలబడ్డాడు. ఏడిపిస్తాడని టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం ఉసూరుమన్నారు.

"ఏందయ్యా ఇది? నాకేమైందని వీళ్లంత ఇట్ల చూస్తున్రు?" అని రామమోహనరావు గారు గుసగుసగా అడిగారు.

"అభిమానం సార్" అన్నాడు శేషగిరి. అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది.

అప్పుడు సుభద్ర మైకు పుచ్చుకుంది. "తలకి అంత పెద్ద ఆపరేషన్ జరిగినా, కుట్లు ఆరకముందే మన కోసం వచ్చిన రామమోహనరావు గారికి..." అంటూ కళ్లొత్తుకుంది. హాలంతా లేచి నిలబడింది.

రామమోహనరావు గారు కూడా లేచారు. ముఖం జేవురించింది. పై వారం ప్రమోషన్ కమిటీ ఉంది. ఆ కమిటీలోని పెద్దమనిషి ఒకాయన సకుటుంబంగా ముందు వరసలోనే ఉన్నాడు.

"ఆపరేషనా? ఎవడు చెప్పిండు? నేను గుండులెక్క ఉన్న! తలకాయల ఏం తక్కువైందని పుట్టించిన్రు?"

"దాచుకోకండి సార్" అంది సుభద్ర జాలిగా. "మాకన్నీ తెలుసు."

ఆ జాలి ఆయన భరించలేకపోయారు. "ఏం తెలుసు మీకు? సూడున్రి! కుట్లు యాడున్నయో సూడున్రి!" అని చేత్తో విగ్గు లాగి బల్ల మీద పెట్టేశారు.

నున్నటి తల మీద ఎక్కడా గీత కూడా లేదు. శేషగిరి కళ్లు మూసుకుని షిల్లాంగ్‌లో ఏ స్కూళ్లున్నాయో గుర్తు తెచ్చుకోబోయాడు. ఇంతలో ఆయన గొంతు వినపడింది.

"ఎవడయ్యా ఫ్యాన్లు బందు చేసింది? పెట్టున్రి."

ఫ్యాన్లు తిరిగాయి. రామమోహనరావు గారు కళ్లు అరమోడ్చి, "అబ్బ! ఎన్నేండ్లయిందయ్యా నెత్తికి గాలి తగలక" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ముందుగా నవ్వింది ఆయన భార్య లీలావతి గారేనని తర్వాత తేలింది. ఆయన దూరంగా నిలబడ్డ సుధీంద్రని దగ్గరికి లాగి, అతని చెయ్యి తన తల మీద తనే పెట్టుకున్నారు.

"అడుగు. నీ ప్రశ్న అడుగు."

సుధీంద్ర చెయ్యి తియ్యకుండానే మైకు అందుకున్నాడు. "ఇప్పుడు చెప్పండి నిజం. ఇన్నాళ్లూ ఎవరికి భయపడ్డారు సార్?"

"మా ఆఫీసోళ్లకు! వాళ్లకు తెల్వదనుకున్న!"

మినిస్ట్రీ వాళ్లు కూర్చున్న వరస తలలు దించుకుంది. మిగతా హాలంతా పగలబడి నవ్వింది. పద్మనాభం డప్పులవాళ్లని మళ్లీ పిలిపించాడు. సుధీంద్ర షో అంతా ఆ గుండు పక్కనే నిలబడి చేశాడు. ఒక్క మనిషినీ నొప్పించకుండా అంతమందిని నవ్వించడం తన జన్మలో ఇదే మొదలని, తెర వెనక శేషగిరిని కావలించుకుని ఏడ్చేశాడు.

కారెక్కుతూ రామమోహనరావు గారు వేలితో పిలిచారు. శేషగిరి చేతులు కట్టుకుని వెళ్లాడు.

"నువ్వు అల్లిన మెడ కథ సుధీంద్ర చెప్పిండు. నా ఇజ్జత్ కాపాడబోయి ఇంత లొల్లి చేసినవా?"

"క్షమించండి సార్."

"షిల్లాంగ్ రద్దు. పిల్లను బాగ చదివించుకో. ఇంకోసారి మీటింగుల ఫ్యాను తగ్గిస్తే మాత్రం మళ్ల పంపిస్త."

శేషగిరికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పక్కనున్న స్తంభాన్ని పట్టుకుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

మర్నాడు ఆఫీసుకి ఇంకో ముగ్గురు బట్టతలలతో వచ్చారు, వాళ్లలో ఇద్దరి మీద అప్పటిదాకా ఎవరికీ అనుమానం కూడా లేదు.