పెట్టె విషయం ప్రార్థనలో ఉంది

మనిషి జ్ఞాపకశక్తి నమ్మదగినది కాదని మా ఇంట్లో అధికారికంగా తీర్మానించి తొమ్మిదేళ్లయింది. తీర్మానాన్ని ప్రతిపాదించినవారు మా ఆయన సైలస్ గారు. బలపరిచినవారూ ఆయనే. (మిగతా సభ్యులం వంటింట్లో ఉన్నాం.) అప్పటినుంచి సైనిక్‌పురిలోని మా ఇంటి జ్ఞాపకాలన్నీ హాల్లో టీవీ పక్కన, చెప్పుల డబ్బా అంత ఉన్న ఒక నల్లటి పెట్టెలో ఉంటున్నాయి. ఫోన్లలో తీసిన ఫొటోలు, వీడియోలు వైఫై మీదుగా అందులోకి వెళ్తాయి. వెళ్లాక వాటిని ఫోన్లలోంచి చెరిపేయాలి. ఫోన్లో కూడా ఉంచుకుంటే పెట్టెను అనుమానించినట్టవుతుందని ఆయన అభిప్రాయం.

పెట్టెలో రెండు డిస్కులున్నాయి. ఒకదానిలో ఏది పడితే రెండోదానిలోనూ అదే పడుతుంది. ఒకదానిలోంచి ఏది చెరిపితే రెండోదీ అంతే శ్రద్ధగా చెరుపుకుంటుంది. దీన్నే మా ఇంట్లో భద్రత అంటారు.

మా ఆయన చర్చి సంఘ కమిటీకి చాలాకాలం కార్యదర్శిగా చేశారు. పదవి పోయింది గానీ పద్ధతి పోలేదు. కుక్కరు కొనాలన్నా మొదట చిన్న ప్రార్థన, తర్వాత ప్రతిపాదన, బలపరచడం, చర్చ, ముగింపు ప్రార్థన, టీ. చర్చలో తేలని విషయాన్ని ప్రార్థనలో పెడతారు. అలా పెట్టినదాన్ని మళ్లీ ఎత్తడం విశ్వాసం చాలనివాళ్లు చేసే పని. (వంటింటి కుళాయి పోయిన ఈస్టర్ నుంచి ప్రార్థనలో ఉంది. కారుతూనే ఉంది.)

ఈ ఎండాకాలంలో పెట్టె ఉండుండి కుయ్‌మనడం మొదలుపెట్టింది. పచ్చ దీపం నారింజ రంగుకు తిరిగింది. ఆయన కంప్యూటర్ షాపు రాములుకు ఫోన్ చేసి, అందరం వినేలా స్పీకర్లో పెట్టారు.

“ఒక డిస్కు ఖరాబైంది సార్. రెండోది సుత గదే వయసుది. ఇయ్యాల నడుస్తది, రేపు నడుస్తదని నేనెట్ల చెప్త? కొత్త పెట్టె తీస్కోండి.”

“పాడైన డిస్కు ఒక్కటి మారిస్తే చాలదా?”

“చాలొచ్చు. కానీ కొత్తదాంట్లకు అంతా ఎక్కియ్యాలంటే ఆ ముసలి డిస్కు ఆగకుండ తిరగాలె. ఆ తక్లీఫ్‌కు అది సుత పోవచ్చు.”

“కొత్త పెట్టె కొంటే?”

“దాంట్లకైనా గిట్లనే ఎక్కియ్యాలె గద సార్.”

అంటే ఉంచుకుంటే పోవచ్చు, మారుస్తుంటే పోవచ్చు. ఇంత స్పష్టమైన నివేదిక అందాక తొందరపడటం ఎవరికైనా కష్టమే. విషయాన్ని ప్రార్థనలో పెట్టి, ఈలోగా తాత్కాలిక నిబంధనలు ప్రకటించారు. హాల్లో ఏసీ ఆపరాదు. పెట్టె ఉన్న వైపు తలుపు గట్టిగా వేయరాదు. అన్నిటికన్నా ముఖ్యం, అందులోని ఫైళ్లను ఎవరూ తెరవరాదు. మా అమ్మాయి అక్సా తన గదిలో చెమటలు కక్కుతూ ఇంజనీరింగ్ పరీక్షలకు చదివింది. పెట్టె చల్లగా ఉంది.

నిబంధనలను మొదట ధిక్కరించింది మా అత్తయ్య ప్రేమమణి గారు. మామయ్య ఆర్థర్ గారు పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూటం దగ్గర పడుతోందనగా ఆవిడ ఒక ఆదివారం మా ఇంటి కమిటీ ముందు తన కోరిక పెట్టారు.

“ఒరే సైలసూ, ఆ గీజరు వీడియో ఒక్కసారి వినిపించరా.”

కొత్త గీజరు బిగించిన రోజు అక్సా తీసిన వీడియో అది. అందులో మామయ్య, “ప్రేమా, ఎర్ర మీట నొక్కకు, పక్కది నొక్కు” అంటారు. అంతే. ఆయన గొంతు ఉన్నది అదొక్కటే.

“అమ్మా, తెరిస్తే డిస్కు తిరుగుతుంది. తిరిగితే అరుగుతుంది.”

“తిరక్కపోతే?”

“భద్రంగా ఉంటుంది.”

“మీ నాన్నా భద్రంగానే ఉన్నాడు సమాధుల తోటలో. మాట్లాడడు, అంతే.”

“డాడీ, నిమిషం కూడా లేదు ఆ వీడియో,” అంది అక్సా. “నా ఫోన్లోనే ఉండేది. మీరే డిలీట్ చేయించారు.”

“చర్చ పక్కదారి పడుతోంది,” అన్నారు అధ్యక్షులైన మా ఆయన.

అత్తయ్య నావైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మాయ్. ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లెవరున్నారు? అమ్మ, అత్తయ్య, నానమ్మ, ఆంటీ. బ్యాంకులో టోకెన్ నంబరు. ఆ పిలుపొకటి విందామని.”

కోరిక న్యాయమైనదేనని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడి, దాన్ని కూడా ప్రార్థనలో పెట్టింది.

జ్ఞాపకార్థ కూటం మా హాల్లోనే ఘనంగా జరిగింది. ఫ్లెక్సీకి మామయ్య ఫొటో కావాల్సి వచ్చింది, అవన్నీ పెట్టెలో ఉన్నాయి. సంఘంవాళ్ల గ్రూపు ఫొటోలోంచి ఆయన్ను కత్తిరించి వేయించాం. (ఆయన భుజం మీద ఉన్న చెయ్యి ఎవరిదో ఇంకా తేలలేదు.) మా ఆయన సాక్ష్యం చెబుతూ, దేవుని కృపవల్ల నాన్నగారి జ్ఞాపకాలన్నీ ఎంతో భద్రంగా ఉన్నాయన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. పాస్టరు అయ్యగారు ముగింపు ప్రార్థనలో “ప్రభువా, ఈ కుటుంబానికి దారి చూపుము” అని ఒక్క క్షణం ఆగారు. పెట్టె కుయ్‌మంది.

మా ఆయన దాన్ని జవాబుగా స్వీకరించారు. సోమవారం కొత్త పెట్టె వచ్చింది. రాములు వచ్చి రెండింటినీ కలిపాడు. ముసలి డిస్కు ఆ రోజూ మర్నాడూ మూలుగుతూ తిరిగి, ఒక్క ఫైలూ పోకుండా అంతా అప్పగించింది. ఇంత బాధ్యతగా పనిచేసే ఉద్యోగిని ఇన్నేళ్ల నా ఆఫీసు సర్వీసులో నేను చూడలేదు.

బుధవారం కమిటీ సమావేశమైంది. అత్తయ్య చర్చికి వెళ్లే చీర కట్టుకుని, తల దువ్వుకుని, కుర్చీ టీవీకి దగ్గరగా లాక్కుని కూర్చున్నారు.

“ఇంక పెట్టరా.”

“ఇప్పుడే కాదమ్మా. కొత్త డిస్కులు కదా, కొన్నాళ్లు కుదురుకోవాలి. పైగా పాత పెట్టె ఇంక దేనికీ పనికిరాదు. అంటే ఇప్పుడు ఉన్నది ఇదొక్కటే. దీనికి తోడుగా ఇంకో పెట్టె కొని, అందులోకీ ఎక్కించాక నిశ్చింతగా తెరుద్దాం.”

“అదెప్పుడు కొంటావు?”

“ప్రార్థనలో పెడదాం. కంగారేం లేదమ్మా, దీనికి ఐదేళ్ల వారంటీ ఉంది.”

“మరి నాకెన్నేళ్లుందిరా?”

మినిట్స్ రాసేది నేనే. ఆ ప్రశ్న ఎజెండాలో లేదు గనుక రాయలేదు.