ఐదవ సంతకం

గగనతలంలో సాధించిన విజయం ఏ పైలట్‌కైనా ఏడాది పాటే చెల్లుతుంది కనుక, వింగ్ కమాండర్ కలిదిండి రంగపతిరాజు గారు యుద్ధంలో కూల్చిన ఐదుగురు శత్రు పైలట్లూ ప్రతి నవంబరులోనూ విజయ ధ్రువీకరణ విభాగానికి స్వయంగా వచ్చి, తాము ఇంకా చనిపోయే ఉన్నామని సంతకం పెట్టి వెళ్ళేవారు.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఈ పని సజావుగానే సాగుతోంది. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ కార్యాలయంలో కూలినవారికి ఒక బెంచీ కేటాయించారు. పారాచూట్లు ఉన్నవారు వాటిని గుమ్మం బయట చెప్పుల పక్కన విడిచి రావాలి. సముద్రంలో పడ్డవారి కోసం గోనెపట్టా పరిచి ఉంటుంది. ఏ కార్యాలయానికి వస్తే ఆ కార్యాలయపు భాషలోనే మాట్లాడాలన్నది ఉభయ దేశాల ఒప్పందం. అందువల్ల వారంతా తెలుగే మాట్లాడతారు. ఏటా రావడం వల్ల ఊరి యాస కూడా పట్టుబడింది. రాజు గారికి ఇప్పుడు డెబ్బయి ఒకటి. కూలినవారి వయసు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. లేచేటప్పుడల్లా నడుము పట్టుకునే ఆయన తీరు చూసి, "ఆరోగ్యం చూసుకోండి సార్, మీకేదైనా అయితే మేమెవరి తాలూకా అవుతాం?" అని చనిపోయినవారు నొచ్చుకునేవారు.

ఐదు విమానాలు కూల్చినవాడు పంచవిజేత. నాలుగు కూల్చినవాడు మామూలు పైలట్. ఊరి కూడలిలో రాజు గారి విగ్రహం ఐదు వేళ్ళూ చాపి నిలబడి ఉంటుంది. ఏ ఏడాదైనా ఒక సంతకం తక్కువైతే, డిసెంబరు ఒకటిన ఆ విగ్రహానికి బొటనవేలు తొలగించాలని మునిసిపాలిటీ తీర్మానం.

ఈ ఏడాది నలుగురు మొదటి వారంలోనే వచ్చి వెళ్ళారు. ఐదవవాడైన లెఫ్టినెంట్ మేరెల్ జాడ లేదు. ముప్పయ్యవ తేదీన రాజు గారు పొద్దుటి నుంచీ కార్యాలయంలోనే కూర్చున్నారు. మూడింటికి మునిసిపాలిటీ నుంచి ఫోను వచ్చింది: మేస్త్రీ నిచ్చెన తెచ్చుకున్నాడట, ఇవాళే కొలత తీసుకోవచ్చునా అని అడుగుతున్నాడట. రాజు గారు అప్రయత్నంగా తన బొటనవేలిని పిడికిట్లో దాచుకున్నారు.

నాలుగూ ఇరవైకి మేరెల్ వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు, సముద్రంలో పడ్డవాడు. గోనెపట్టా మీద నీళ్ళోడుతూ నిలబడి, చంకలోని దస్త్రాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఏటి బాబూ ఇంతాలీసం?" అన్నారు సూపరింటెండెంట్ బొడ్డేపల్లి వరహాలమ్మ గారు. "ఐదింటికి తాళం పడిపోద్ది. బేగి సంతకం పెట్టీ."

"పెడతానమ్మా. ముందు ఇది చూడండి. రాజు గారి తూటాలు నా రెక్కకి నలభై గజాల ఎడంగా పోయేయండి. నాకు ఆయిలు అయిపోనాది, అంతే. నేను పడిపోయేను గానీ నన్నెవరూ పడగొట్టలేదు."

ఒక సంఘటన తర్వాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణం కాజాలదని అతడు ఆ దస్త్రానికి ఉపోద్ఘాతం రాశాడు. తరువాతి పుటల్లో ట్యాంకు పరిమాణం, గాలి వాలు, ప్రయాణించిన దూరం గ్రాఫు కాగితాల మీద పొందికగా ఉన్నాయి. చేతిలో బోలెడు తీరిక ఉన్నవాడు చేసిన లెక్క అది. రాజు గారు కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు. ఒక్క తప్పు లేదు.

ఉండదని ఆయనకు ముందే తెలుసు. ఆనాడు పొగ లేదు, మంట లేదు. ఆ విమానం అలిసిపోయిన కొంగలా నీటి మీదికి వాలడం ఆయన కళ్ళారా చూశారు. "శత్రు విమానం కూలినది" అని నివేదిక రాశారు. అందులో అబద్ధం లేదు. "నేను కూల్చితిని" అన్న రెండవ వాక్యాన్ని పైవారు చేర్చారు. ఆయన కొట్టివేయలేదు, అంతే.

"మీరు చూశారు కద సార్," అన్నాడు మేరెల్. "మీరే చెప్పండి."

రాజు గారు విగ్రహాన్ని తలుచుకున్నారు. నిచ్చెనను తలుచుకున్నారు. ఆ తరువాత, నడుము పట్టుకుని, లేచి నిలబడ్డారు.

"వరహాలమ్మ గారూ, ఆ రోజు నిజానికి..."

"ఒక్క నిమషం సార్. రూలు ఇనీసి అప్పుడు చెప్పండి, మీ ఇష్టం." ఆవిడ ఫారం తిప్పి మేరెల్ ముందు పెట్టారు. "ఇందులో రెండే గడులున్నాయి నాయనా. కూల్చబడెను, కూల్చబడలేదు. ఆయిలు అయిపోయెను అన్న గడి లేదు. కూల్చలేదని రాస్తే నువ్వు పడనట్టే. పడకపోతే చావనట్టే. ఈ సాయంత్రమే మీ దళానికి కబురెడతాను. రేపొద్దున్న డ్యూటీకి ఎల్లిపోవాల."

"డ్యూటీ అంటే?"

"ఎగరడమే. మళ్ళీ మొదలవుతోంది కదా, పేపరు చూళ్ళేదేటి?"

మేరెల్ చొక్కా చేతి నుంచి ఒక చుక్క జారి గ్రాఫు మీద పడింది.

"విమానాలు మారేయా అమ్మా?"

"అవే."

"ట్యాంకు?"

"అదే ట్యాంకు."

అతడు దస్త్రాన్ని నెమ్మదిగా మూశాడు. రాజు గారు మాత్రం ఇంకా నిలబడే ఉన్నారు.

"నేను చెప్పేస్తానయ్యా," అన్నారాయన. "ముప్పై ఎనిమిదేళ్ళకి ఇవాళే నోరు పెగిలింది."

"వద్దు సార్, మీకు దండం పెడతాను. మీరే కొట్టేరు. గురి చూసి మరీ కొట్టేరు. చెప్పండి సార్, నాలుగూ ఏభై అయిపోనాది."

రాజు గారు ఆ కుర్రవాడి ముఖం కేసి చూశారు. "అవునమ్మా," అన్నారు. "నేనే కూల్చాను." సన్మాన సభల్లో వందల సార్లు విన్న ఆ వాక్యాన్ని ఆయన స్వయంగా పలకడం అదే మొదటిసారి. మేరెల్ సంతకం పెట్టాడు. ముద్ర పడింది. మేస్త్రీని నిచ్చెన దిగమని వరహాలమ్మ గారు ఫోను చేశారు.

ఇద్దరూ వెళ్ళబోతుంటే ఆవిడ ఆపి, మూల నున్న కొత్త కుర్చీని ముందుకు లాగారు.

"వచ్చే నవంబరుకి బెంచీ చాలదు. రెండొందల కుర్చీలకి ఇండెంటు పెట్టమన్నారు. ఇది నమూనా. అవతలోళ్ళ ఆఫీసులోనూ ఇవే, ఇన్నే."

"యుద్ధం ఇంకా ప్రకటించలేదు కదమ్మా?" అన్నారు రాజు గారు.

"సోమవారం ప్రకటిస్తారట. కుర్చీలు రావడానికే ఆర్నెల్లు పడతాది. ఓ పాలి కూకొని చూడు బాబూ, ఎత్తు సరిపోద్దేమో."

మేరెల్ కూర్చున్నాడు. పాదాలు నేలకు ఆనించి, వెనక్కి వాలి, కాసేపు ఆలోచించాడు.

"నాకు సరిపోయిందమ్మా. కానీ రెండంగుళాలు తగ్గించండి. ఈ పాలి ఇంకా చిన్నోళ్ళని తీసుకుంటున్నారట."

వరహాలమ్మ గారు 'రెండంగుళాలు తక్కువ' అని రాసుకున్నారు. కొలత మారిస్తే నిపుణుడి ఆమోదం ఉండాలని నియమం. రాజు గారు కలం తీసుకుని దాని కింద సంతకం చేశారు. పేరు పక్కన 'పంచవిజేత' అని రాయడం మరిచిపోలేదు.