ఆరో స్థానపు అభిమానులు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరు పెరుగుతున్న చోట కబడ్డీ ఆడేవాళ్లు లేరు కనుక, చెప్పే సందర్భమూ రాలేదు. అందుకని నేనే చెబుతున్నాను. ఇందులో ఎవరూ చావరు. ఒక తోకకు మాత్రం కొంచెం నష్టం జరుగుతుంది. ముందే చెప్పేస్తే మీరు బెంగ పెట్టుకోకుండా వింటారని.

ఒక పెద్ద అడవిలో ఒక మధ్యరకం కాలేజీ ఉండేది. దానికొక మధ్యరకం కబడ్డీ జట్టు. అడవి మొత్తానికి ఎనిమిది కాలేజీలుంటే, మన జట్టు ఏటా ఆరో స్థానంలో వచ్చేది.

రాజ్యం అనే ముంగిస ఆ జట్టుకి కెప్టెన్. ఆటల కోటాలో కాలేజీ సీటు, హాస్టల్లో మంచం సంపాదించుకుంది. జట్టు ఉన్నంతకాలమే ఆ రెండూ. కోచ్ తాబేలు మాస్టారు. ఆయన అరిచినా పక్కవాళ్లకి వినపడదు.

ఆ జట్టుకి అభిమానుల సంఘం కూడా ఉంది. కోర్టు చివర ఉన్న పెద్ద బండ మీద, ఆట జరుగుతున్నంతసేపూ దాని సభ జరిగేది. సభ్యులు గుండ్రంగా కూర్చునేవాళ్లు. సగం మంది వీపులు కోర్టు వైపు ఉండేవి, మిగతా సగానికి ఎదుటివాళ్ల తలలు అడ్డం. అంతా అయిపోయాక ఒక కాకిని పంపి స్కోరు కనుక్కునేవాళ్లు.

ఒకరోజు ఏనుగు ప్రిన్సిపాల్ నోటీసు పెట్టింది. "ఈ ఏడాది ఆరో స్థానం కంటే కిందికి దిగితే జట్టును రద్దు చేస్తాం. విద్యార్థుల సంక్షేమం దృష్ట్యా కోర్టులో చెరకు వేస్తాం." కాలేజీలో చెరకు తినే విద్యార్థి ఒక్కరూ లేరు. ప్రిన్సిపాల్ తింటుంది.

అప్పటికి జట్టు ఆరో స్థానంలోనే ఉంది. మిగిలింది కుందేళ్ల కాలేజీతో ఒక్క ఆట. డ్రా చేసుకున్నా చాలు. కుందేళ్లతో డ్రా అంటే మన జట్టుకి నాలుగేళ్లుగా అలవాటే.

బండ మీద అత్యవసర సభ పెట్టారు. రాజ్యాన్నీ పిలిపించారు.

"ఆరో స్థానం! బయట తల ఎత్తుకోలేకపోతున్నాం," అంది పట్టాభి అనే ఎలుగుబంటి. అది పూర్వ విద్యార్థి. "మా రోజుల్లో అయితేనా..."

"మీ రోజుల్లో ఏడోది కదండీ?" అంది ఒక మేక.

"ఏడోదే. కానీ ఎలాంటి ఏడోది! ఆ ఊపే వేరు."

గవరయ్య అనే నక్క లేచి నిలబడింది. ఏ విషయం మీదైనా విశ్లేషణ చెప్పడం దాని పని. "అసలు లోపమెక్కడో నేను చెబుతాను. ఏమ్మా రాజ్యం, కూతకు వెళ్లి ఏం చేస్తావు నువ్వు?"

"అవతలి వాళ్లలో ఒకరిని ముట్టుకుంటాను. ఊపిరి ఆగేలోపు తిరిగి వచ్చేస్తాను."

"విన్నారా! తిరిగి వచ్చేస్తుందట! ముందుకు దూకినవాళ్లకి వెనక్కి రావాలన్న ఆలోచన ఎందుకు పుడుతుంది? ఇదీ మన జట్టు మనస్తత్వం!"

కాకులన్నీ రెక్కలు కొట్టాయి.

"అది కాదు బాబాయ్, మధ్యగీత దాటి మన వైపు రాకపోతే పాయింటే రాదు. పైగా మనమే అవుట్."

"సాకులు," అంది పట్టాభి.

"సాకులు కావండీ, అదే ఆట!"

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఏమిటమ్మా," అని నక్క మళ్లీ అందుకుంది. "నాకు తెలిసిన చిరుత ఒకటుంది. పక్క అడవిలో స్టార్. వెనకడుగు అన్న మాటే దాని దగ్గర లేదు. దాన్ని తెద్దాం, ఈ అమ్మాయి పేరు తీసేద్దాం."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఓటు లేనందువల్ల రాజ్యం వ్యతిరేకించలేకపోయింది. తాబేలు మాస్టారు వ్యతిరేకించారు గానీ, ఆయన మెట్లెక్కి బండ మీదికి చేరేసరికి సభ ముగిసింది.

ప్రిన్సిపాల్ ఆ కాగితం చదివి చాలా సంతోషించింది. "అభిమానుల కోరిక కాదనడానికి నేనెవరిని?" అని సంతకం పెట్టి, ఆ చేత్తోనే చెరకు ముక్కలు నాటడానికి కూలీలెవరైనా దొరుకుతారేమో చూడమంది.

ఆట రోజు వచ్చింది. చిరుత కోర్టు గీత పక్కన పడుకుని ఆవలిస్తోంది. స్టార్లు చివర్లోనే లేస్తారని నక్క చెప్పింది. మిగతా ఆరుగురూ మట్టి కొట్టుకుపోయి ఆడారు. స్కోరు ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. ఇక మన వైపు నుంచి ఒక్క కూత మిగిలింది.

బయట కూర్చున్న రాజ్యం లేచి నిలబడింది. దాని హాస్టల్ మంచం, దాని సీటు, అన్నీ ఆ చిరుత కాళ్ల మీద ఉన్నాయి.

తాబేలు మాస్టారు చిరుత చెవి దగ్గరికి వెళ్లి, "బాబూ, ఎవరినీ ముట్టుకోకపోయినా ఫరవాలేదు. వెళ్లి రా, చాలు," అన్నారు.

చిరుత లేచింది. కూత పెట్టింది. కుందేళ్లు ఏడూ మూలకి ముడుచుకున్నాయి. చిరుత వాటిని చూడనే లేదు. వాటి వెనక, కోర్టు అవతల, బండ మీద వీపు తిప్పుకుని కూర్చున్న మేకల వరస దాని కంటబడింది. ఒక్క దూకులో కుందేళ్లను దాటింది, రెండో దూకులో కోర్టు దాటింది.

రెఫరీ కొంగ విజిల్ ఊదింది. "అవుట్! ఇరవై అయిదు, ఇరవై నాలుగు. కుందేళ్లు గెలిచాయి!"

బండ మీద అది వినే తీరిక ఎవరికీ లేదు. మేకలు నాలుగు దిక్కులా పరుగెత్తాయి, కాకులు లేచిపోయాయి, పట్టాభి చెట్టెక్కింది. పొదలో దూరిన నక్క తోక బయట ఉండిపోవడంతో చిరుతకి గుప్పెడు వెంట్రుకలు దొరికాయి. అది వాటిని ఉమ్మేసి, చిరాగ్గా తన అడవికి వెళ్లిపోయింది.

కాసేపటికి పొదలోంచి నక్క అడిగింది: "ఏమైంది? గెలిచామా?"

"ఒక్క పాయింటు తేడాతో ఓడాం," అంది కాకి. "చిరుత మన వైపుకి తిరిగి రాలేదట."

చెట్టు మీద నుంచి పట్టాభి ఆశ్చర్యంగా, "తిరిగి రావాలా? ముప్పై ఏళ్లుగా అభిమానిని, నాకొక్కరూ చెప్పలేదే!" అంది.

జట్టు రద్దయింది. రాజ్యం పెట్టె సర్దుకుంటుంటే కుందేళ్ల కెప్టెన్ గుమ్మం దగ్గరికి వచ్చింది. "అక్కా, మా కాలేజీకి వచ్చేయవా? నిన్ను పట్టుకోలేక నాలుగేళ్లు చచ్చాం." రాజ్యం పెట్టె ఎత్తుకుని దాని వెంట నడిచింది. మరుసటి ఏడాది కుందేళ్లు రెండో స్థానంలో వచ్చాయి.

ఇక్కడ అభిమానుల సంఘం రాజ్యాన్ని ద్రోహిగా తీర్మానించింది. సభలు ఇప్పటికీ చెరకు తోట పక్కనే జరుగుతున్నాయి, జట్టు భవిష్యత్తు మీదే. జనం మునుపటి కంటే ఎక్కువగా వస్తున్నారు. ఆట లేదు కనుక జట్టు ఓడిపోవడమూ లేదు. నక్క దీన్ని తన సలహా ఫలితమే అంటుంది.

నీతి ఏమిటంటే, ఏ ఆట గురించైనా ధైర్యంగా మాట్లాడాలనుకుంటే పొరపాటున కూడా ఆ ఆట చూడకూడదు.

మీ తరగతిలో చిరుతలాంటి వాళ్లెవరైనా ఉంటే ఈ కథతో వాళ్లని ఏడిపించకండి, తప్పు నక్కది. ఈ కథ విననివాళ్లు మీ పక్కన ఇంకా ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకి మీరు చెప్పండి.