పదకొండు చావుల క్యాసెట్టు

ఆ బుధవారం పొద్దున అబ్దుల్ సత్తార్ వేసుకున్న పథకంలో భయపడాల్సింది ఏమీ లేదు. ఎనిమిదిన్నరకు దుకాణం తెరవాలి. పాత వీసీఆర్ హెడ్డును స్పిరిట్‌తో తుడవాలి. అందులో ఒక పెళ్లి క్యాసెట్టు వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి, పదకొండు గంటలకల్లా పెన్‌డ్రైవ్ పర్వీన్ చేతిలో పెట్టాలి. ఆ తర్వాత ఇంటికి పోయి, భార్య షాహీదాబీ వడ్డించింది తిని, ఒక కునుకు తీయాలి. డెబ్బయ్యేళ్ల మనిషికి ఇంతకంటే నిరపాయమైన రోజు దొరకదు.

ప్రొద్దుటూరులో ఇంకా నడిచే వీసీఆర్ తన దగ్గర ఒక్కటే ఉందని సత్తార్‌కు గర్వం. ఒకప్పుడు ఆ గది ఊళ్లో పేరు మోసిన వీడియో లైబ్రరీ. ఒక గోడ నిండా కత్తులు పట్టుకున్నవాళ్లు, ఇంకో గోడ నిండా కత్తులు దిగినవాళ్లు క్యాసెట్ల అట్టలమీద నిలబడి ఉండేవారు. పెళ్లిళ్లకు వీడియో తీసేది కూడా సత్తారే. ఇప్పుడు ఆ గోడల మధ్య ఒక జిరాక్సు మిషనూ, ఒక కంప్యూటరూ, ఎవరూ కొనని ఒక పాత టీవీ మిగిలాయి.

పర్వీన్ పులివెందులలో అంగన్‌వాడీ టీచరు. ఆమె తండ్రి ఇమ్తియాజ్ జమ్మలమడుగులో బండలు పాలిష్ పట్టేవాడు. పెళ్లయిన ఆరు నెలలకు కువైట్ పోయి, అక్కడ పనిలో ప్రమాదం జరిగి చనిపోయాడు. ఆయన పోయిన మూడు వారాలకు పర్వీన్ పుట్టింది. ముప్పై రెండేళ్లుగా ఆమెకు తండ్రి అంటే ఒక పాస్‌పోర్టు ఫోటో, అంతే. నడిచేటప్పుడు పర్వీన్ ఎడమ భుజం కాస్త కిందికి వాలుతుంది. వాలినప్పుడల్లా తల్లి దిల్షాద్‌బీ "అచ్చం మీ అబ్బా నడకే" అంటుంది. అది నిజమో కాదో ఒక్కసారి కళ్లతో చూడాలని పర్వీన్‌కు చిన్నప్పటినుంచీ కోరిక.

పెళ్లి క్యాసెట్టు తల్లి ట్రంకుపెట్టెలో మల్లుగుడ్డలో, లవంగాల మధ్య భద్రంగా ఉంది. ఆ రోజుల్లో ఇంట్లో వీసీఆర్ లేదు. తర్వాత చూసే ధైర్యం దిల్షాద్‌బీకి లేదు. ఇన్నేళ్లకు ఆమె సరేనంది. పర్వీన్ పోయిన వారం క్యాసెట్టు తెచ్చి సత్తార్‌కు ఇచ్చి, "మామా, మా అబ్బాను నడిపిచ్చు, చాలు" అని చెప్పి వెళ్లింది. తండ్రి ఫోటో కూడా ఒకటి ఇచ్చింది. సత్తార్ దాన్ని కంప్యూటర్ అంచుకు అతికించుకున్నాడు.

మల్లుగుడ్డ విప్పి క్యాసెట్టును వెనక్కి తిప్పేసరికి సత్తార్ చెయ్యి ఆగిపోయింది. వెనకవైపు మూలన పసుపుపచ్చగా మారిన సెల్లోటేపు ముక్క కనిపించింది.

ఆ ముక్క సంగతి ఊళ్లో సత్తార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. క్యాసెట్టు వెనక చిన్న ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. పెళ్లి ఎక్కించాక దాన్ని విరిచేస్తే, మళ్లీ దానిమీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు. కానీ ఆ సందుకు సెల్లోటేపు అంటిస్తే మిషను మోసపోతుంది. కొత్త క్యాసెట్లు దొరకనప్పుడు సత్తార్ మిషనును అలా చాలాసార్లు మోసం చేశాడు. పెళ్లి ఎవరైనా రోజూ చూస్తారా, తీరిగ్గా మళ్లీ కాపీ చేసి ఇవ్వొచ్చులే అనుకునేవాడు. ఆ తీరిక చాలామంది విషయంలో రాలేదు.

"యా అల్లా, ఇది ఒక్కటి కాకుండా చూడు" అనుకుంటూ క్యాసెట్టు లోపలికి తోశాడు. వీధి ఎండ టీవీమీద పడి బొమ్మ కనిపించకపోతే షట్టరు దించాడు. సగం దించుదామనుకుంటే అది పూర్తిగా దిగి, నేలకు కరుచుకుపోయింది. లోపల ఒక ట్యూబులైటూ, ఒక నీలి తెరా మిగిలాయి.

తెరమీద తెల్లగీతలు కాసేపు వణికాయి. పెళ్లి బాజా వినిపించాల్సినచోట గాలి హోరు వినిపించింది. ఎర్రరాళ్ల కోటగోడ, దాని కింద నోరు తెరిచిన లోయ. గోడమీద ఎర్రముసుగు వేసుకున్న ఆడమనిషి ఒకతె, జట్కాబండి నుంచి విప్పుకొచ్చిన గుర్రం పక్కన నిలబడి ఉంది.

సత్తార్ దాన్ని గుర్తుపట్టాడు. అది 'ఎర్రముసుగు ఆడపులి'. ఎక్కడి కంపెనీయో వచ్చి గండికోటలో తొమ్మిది రోజుల్లో వీడియో కెమెరాతో తీసుకుపోయిన సినిమా. మన కోట, మన గుర్రం అని జనం ఎగబడితే, సత్తార్ కనిపించిన క్యాసెట్టుమీదల్లా దాన్ని ఎక్కించాడు. బొమ్మ సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మొదటి అయిదు నిమిషాలు తప్ప, అతను ఆ సినిమాను ఎప్పుడూ చూడలేదు. అతని లైబ్రరీలో ఏ సినిమానూ చూడలేదు.

"బూజు పట్టి పెండ్లంతా పోయిందమ్మా అని చెప్తే సరిపోతాది" అని పైకే అనుకున్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చీరాగానే, తెరలో కోటగోడ వెంట నల్లముసుగు మనిషి ఒకడు నడిచి వచ్చాడు. అతని ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంది. ఎర్రముసుగు మనిషి వాణ్ణి పొడిచింది. వాడు వెల్లకిలా పడ్డాడు. ముసుగు తొలిగింది.

సత్తార్ కంప్యూటర్ అంచున ఉన్న ఫోటోను చూశాడు. తెరను చూశాడు. మళ్లీ ఫోటోను చూశాడు. అది ఇమ్తియాజ్.

మనిషిని పోలిన మనిషి అనుకుని అద్దాలు తుడుచుకున్నాడు. ఆ తుడిచేలోగా చచ్చినవాడు లేచి, బల్లెం పట్టుకుని కోట తలుపు దగ్గర కాపలా నిలబడ్డాడు. అక్కడా చచ్చాడు. మరుక్షణం మెట్లమీద కనిపించాడు. అక్కడినుంచి దొర్లిపోయి, లోయ అంచున మళ్లీ నిలబడ్డాడు. ప్రతిసారీ అదే భుజం, అదే నిదానమైన నడక. నాలుగోసారి లేచినప్పుడు తెరంతా నిండేంత దగ్గరికి వచ్చి, నేరుగా సత్తార్ కళ్లలోకి చూశాడు. పాత టేపు సాగిపోయి ఉండటంవల్ల ఆ గొంతు బావిలోంచి వచ్చినట్టు మెల్లగా, బరువుగా వచ్చింది.

"నాది... యాడ దాచినావ్? సెప్పు!"

సినిమాలో వాడు అడుగుతున్నది నగలపెట్టె గురించి. ఆ సంగతి సత్తార్‌కు ఎలా తెలుస్తుంది? అతను దాచినదీ, పోగొట్టినదీ ఒక్కటే, ఆ పెళ్లి.

వీసీఆర్‌కు ఆపే మీట విరిగిపోయి ఏళ్లయింది. తీగ లాగడం ఒక్కటే మార్గం. సత్తార్ తొందరలో ఒక తీగ లాగాడు. అది ట్యూబులైటు తీగ. గది చీకటైపోయింది. ఇప్పుడు ఆ చీకట్లో వెలుగంటూ ఉన్నది ఇమ్తియాజ్ ముఖం ఒక్కటే. సత్తార్ బల్ల కిందికి దూరాడు.

"ఇమ్తియాజ్! తప్పైపోయిందప్పా! నన్ను ఇడిచిపెట్టు!"

"ఇడిచిపెట్టే మాటే లేదు" అంది తెర. "నాది నాకియ్యి!"

షట్టరు అవతల బొరుగుల గంప ముందు గంగులమ్మ కూర్చుని ఉంది. ఇరవయ్యేళ్లుగా ఆమె చోటు అదే. మూసిన దుకాణంలోంచి ఎవడో మొగవాడు గద్దించడం, సత్తార్ బతిమాలుకోవడం, మధ్యలో కత్తుల చప్పుడు, ఆపైన ఒక చావుకేక ఆమె చెవిన పడ్డాయి.

"తిరుపాలూ! ఎవుడో ఇమ్తియాజంట! సత్తారన్నను లోపలేసి పొడుస్తాండాడు!"

ఆటో తిరుపాల్ పరుగెత్తుకొచ్చి షట్టరు బాదాడు. "సత్తారన్నా! తలుపు తియ్యి!"

లోపల సత్తార్‌కు ఆ బాదుడు ఎటువైపునుంచి వస్తున్నదో అర్థం కాలేదు. చచ్చినవాడు తెర లోపలినుంచి గుద్దుతున్నాడనుకుని, గట్టిగా కళ్లు మూసుకుని "తియ్యను! సచ్చినా తియ్యను!" అని అరిచాడు.

"సచ్చినా తియ్యడంట" అని తిరుపాల్ జనానికి చెప్పాడు. అప్పటికే జనం చేరారు. అదే సమయానికి చాపాడునుంచి యల్లయ్య నలభై గొర్రెలతో ఆ సందులోకి వచ్చాడు. గొర్రెలు షట్టరు దాకా వచ్చి నిలబడిపోయాయి. అదిలించినా, కర్రతో తట్టినా ఒక్కటీ కదల్లేదు.

"నోరు లేని జీవాలకు ముందే తెలుస్తాదప్పా" అన్నాడు యల్లయ్య గొంతు తగ్గించి. "లోపలుండేది మనిషి కాదు."

గంగులమ్మ గంపలో బొరుగులు సగానికి తగ్గిన సంగతి ఎవరూ గమనించలేదు. జనం రెండడుగులు వెనక్కి వేశారు. లోపలినుంచి మరో చావుకేక వచ్చింది. గంగులమ్మ వేళ్లమీద లెక్కపెట్టింది.

"ఇది ఏడోది. ఒగే గొంతు. మనిషయితే ఎన్నిసార్లు సస్తాడు?"

పట్టపగలు పదిన్నర గంటల ఎండలో ఆ సందులో నలభై మందికి చేతులమీద వెంట్రుకలు లేచాయి.

సరిగ్గా అప్పుడు బస్టాండు ఆటో దిగి పర్వీన్, దిల్షాద్‌బీ వచ్చారు. గొర్రెల మధ్య దారి చేసుకుంటూ "ఏమైందమ్మా?" అని పర్వీన్ అడిగింది.

"పోవద్దమ్మా. లోపల ఇమ్తియాజని ఒగడు సత్తారన్నను సంపుతాండాడు. యాదో వాంది ఈయన దాచినాడంట. ఇడిచిపెట్టనంటాండాడు."

దిల్షాద్‌బీ చేతిసంచి జారి కిందపడింది. "అది నా మొగుని పేరు" అందామె మెల్లగా. "సచ్చిపోయి ముప్పై రెండేండ్లయింది."

సందులో గొర్రెలు మాత్రం నములుతూనే ఉన్నాయి. షట్టరు వెనకనుంచి గొంతు మళ్లీ వచ్చింది. "యాడ దాచినావ్? సెప్పు!" దిల్షాద్‌బీ షట్టరుకు చెవి ఆనించింది. ఆమె ముఖంలో భయం లేదు. కువైట్ పోయేనాడు బస్సు కిటికీలోంచి విన్న ఆ గొంతును మరిచిపోయానేమోనని ఆమె ఇన్నేళ్లూ లోలోపల కుమిలిపోయింది. మరిచిపోలేదు.

"ఆయప్పదే" అంది. "తెరువు తిరుపాలూ."

"సచ్చినోడు కదా పెద్దమ్మా..."

"సచ్చినోడైతే ఏంది? నా మొగుడే కదా! తెరువు!"

తిరుపాల్ ఆటోలోంచి జాకీ తెచ్చి షట్టరు కింద పెట్టి లేపాడు. ఎండ లోపలికి పడింది. బల్ల కింద సత్తార్, టీవీలో ఇమ్తియాజ్. అప్పుడే చచ్చి, అప్పుడే లేచి, ఎడమ భుజం వాల్చుకుని, కోటగోడ వెంట నిదానంగా నడిచి వస్తున్నాడు.

పర్వీన్ గడప దగ్గరే నిలబడిపోయింది. తెలియకుండానే ఆమె చెయ్యి తన ఎడమ భుజంమీదికి పోయింది. "అమ్మీ" అంది. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి.

సత్తార్ బల్ల కిందినుంచి బయటికి వచ్చాడు. దాచి లాభం లేదని తెలిసిపోయింది. చచ్చినవాడే వచ్చి అడిగాక బూజు పేరు చెప్పేందుకు నోరు రాలేదు.

"చెల్లెమ్మా, మీ పెండ్లిమీద ఈ సినిమా ఎక్కిచ్చింది నేనే. కొత్త క్యాసెట్టు లేక, సెల్లోటేపు అంటిచ్చి ఆ పని చేసినా. మీ పెండ్లి పోయింది. నన్ను ఏమన్నా అనండి."

దిల్షాద్‌బీ ఆయన వైపు చూడలేదు. "ఇది యాడ తీసినారు?" అని అడిగింది.

"గండికోటలో చెల్లెమ్మా. కోట చుట్టుపక్కలోళ్లనే ముసుగులేసి ఫైటింగులకు పెట్టుకున్నారంట. మనుషులు చాలక ఒగన్నే పదిసార్లు సంపినట్టుండారు."

"ఎన్ని దినాలు?"

"తొమ్మిది."

దిల్షాద్‌బీ ముఖం మెల్లగా ఎర్రబడింది. "తొమ్మిది దినాలు! పాస్‌పోర్టు పనిమీద కడపకు పోతాండానని నాతో చెప్పి పోయినాడు! ఒళ్లంతా ఈ గీతలేందయ్యా అంటే, ఆఫీసు క్యూలో తోసుకున్నారు అన్నాడు! ఆడమనిషి చేతిలో సచ్చేదానికి పోయినాడా!"

తెరలో ఇమ్తియాజ్ పదోసారి పొడిపించుకున్నాడు. పడేముందు కెమెరా వైపు చూసి, దర్శకుడికి తెలియకుండా సన్నగా నవ్వాడు. దిల్షాద్‌బీ తిట్టు సగంలోనే ఆగిపోయింది.

"చూడు" అంది కూతురితో, గొంతు మారిపోయి. "పదిసార్లు పొడిసినా ఆ పిల్లమీద ఒక్క దెబ్బ వెయ్యలే. ఆయప్ప అంతే."

పదకొండో చావుతో సినిమా అయిపోయింది. తెల్లగీతలు వచ్చాయి. ఆ తర్వాత హఠాత్తుగా పెళ్లి బాజా మోగింది. సినిమా చెరపగా క్యాసెట్టు చివర మిగిలిన పెళ్లి అది, ఏడు నిమిషాలుంది. అందరూ ముందుకు వంగారు. వేదికమీద పెళ్లికొడుకు కూర్చుని ఉన్నాడు. తల మీదినుంచి గడ్డం దాకా మల్లెపూల సెహ్రా వేలాడుతోంది. పూల వెనక ముఖం కాదు గదా, ముక్కు కూడా కనిపించలేదు. ఏడు నిమిషాలూ అతను నడవలేదు, మాట్లాడలేదు, కదల్లేదు.

"ఆ పొద్దంతా ఇంతే" అంది దిల్షాద్‌బీ. "ఇంటికి పోయినాక గానీ ఎత్తలే. సిగ్గు."

పర్వీన్ ఆ పూలముసుగును చాలాసేపు చూసింది. తర్వాత సత్తార్ వైపు తిరిగింది. ఆయన తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు.

"మామా, పెండ్లి ఉంచుంటే నాకు మా అబ్బా నడక కనపడేది కాదు. సెల్లోటేపు వేసి మంచిపని చేసినావు." కొంగుతో కళ్లు తుడుచుకుని, స్టూలు టీవీ ముందుకు జరుపుకుంది. "మళ్లీ మొదట్నుంచి వెయ్యి."

తిరుపాల్ జాకీ పక్కనే కూర్చున్నాడు. గంగులమ్మ మిగిలిన బొరుగులు అందరికీ పంచింది. గొర్రెలు గంప ఖాళీ కాగానే వాటంతటవే కదిలి వెళ్లిపోయాయి. షాహీదాబీ ఇంట్లో వండింది చల్లారిపోయింది.

ముప్పై రెండేళ్ల కిందట ఒక్కసారి చచ్చినందుకు ఊరంతటినీ ఏడిపించిన ఇమ్తియాజ్, ఆ మధ్యాహ్నం సినిమా ఇంకో రెండుమార్లు ఆడేసరికి మరో ఇరవై రెండుసార్లు చచ్చాడు గానీ, ఒక్కరంటే ఒక్కరు కూడా ఏడవలేదు.