పంచదారకు తాళం

పింఛను చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే స్టోరుకీపరుగారు ఇంట్లో ఒక ప్రకటన చేశారు. రిటైరై ఏడాదైనా వీధిలో అందరికీ ఆయన ఇంకా స్టోరుకీపరుగారే. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఫ్యాక్టరీలో ఒక్క మేకు కూడా లెక్క తప్పకుండా కాపలా కాసిన మనిషి. అలాంటి మనిషి ఇంట్లో నెలాఖరుకు చిల్లిగవ్వ మిగలడం లేదంటే, అది పింఛను తప్పు కాదు, పద్ధతి తప్పు అని ఆయన అభిప్రాయం.

"ఈ నెల నుంచి ఇంటి సరుకులు నేనే చూసుకుంటా. నెల తిరిగేసరికి నీ రైలు టికెట్టు నీ చేతిలో పెడతా, చూస్కో," అన్నారు భార్యతో.

ఆవిడ నమ్మలేదు గాని ఆశపడింది. ఆవిడ తమ్ముడికి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి బదిలీ అయినప్పటి నుంచి "రా అక్కా, వచ్చి సముద్రం చూడు" అని ప్రతి నెలా ఫోను. జుట్టు నెరిసినా ఆవిడ సముద్రాన్ని చూసింది క్యాలెండరు బొమ్మల్లోనే. తమ్ముడు కారు తెస్తానన్నాడు, టికెట్టు కొంటానన్నాడు. "నా పెళ్లాం ప్రయాణానికి నీ సొమ్మెందుకయ్యా? నా పింఛను లేదూ!" అని స్టోరుకీపరుగారు మీసం మెలేసేవారు. పింఛను ఉండేది. నెలాఖరుకు ఉండేది కాదు.

ఆ సాయంత్రమే వంటింటి పక్క గదిలో కొత్త ఇనప బీరువా వెలిసింది. దానికి పిడికిలంత తాళం. పంచదార, సబ్బులు, నూనె, అగ్గిపెట్టెలు అన్నీ అందులోకి వెళ్లిపోయాయి. తలుపు మీద అట్ట వేలాడింది: "స్టోరు వేళలు ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు." రెండో నిబంధన అచ్చంగా ఫ్యాక్టరీదే: పాతది తెచ్చి అప్పజెబితేనే కొత్తది. అన్నట్టు, ఆ బీరువాకు పెట్టిన డబ్బుతో ఆవిడ సముద్రానికి వెళ్లి, చూసి, తిరిగి రావచ్చు. ఆ లెక్క మాత్రం ఆయన వేయలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి గిరాకీ వచ్చింది.

"ఏవండీ, ఒంటి సబ్బు అయిపోయింది."

"పాత ముక్క ఏది?"

"ముక్కేంటండీ? అరిగిపోయింది. నీళ్లలో కలిసిపోయింది."

"కలిసిపోయిందంటే స్టోరు ఒప్పుకోదు. ఈసారి నుంచి ముక్క మిగిలుండగానే పట్రా."

"మరి ఇవాళ్టికో?"

"ఎనిమిదైంది," అని ఆయన తాళంచెవి జేబులో వేసుకుని షికారుకు వెళ్లిపోయారు.

ఆవిడ తాళం వైపు కాసేపు గుర్రుగా చూసి, ఎదురింటికి వెళ్లింది. "వదినా, సబ్బుంటే ఒకటి ఇస్తావా? మాది అయిపోయింది." కట్టుకున్నవాడు సబ్బుకు తాళం వేశాడని ఏ ఆడది పైకి చెప్పుకుంటుంది? తర్వాతి రోజు పొయ్యి మీద టీ మరుగుతుండగా పంచదార నిండుకుంది. అప్పటికే స్టోరు కట్టేశారు. మళ్లీ ఎదురిల్లే. ఇంకోరోజు అగ్గిపెట్టె. "మొహమాటపడకు వదినా, ఇంకేమన్నా కావాలా?" అని ఎదురింటావిడ జాలిగా అడిగేసరికి ఈవిడకు సిగ్గుతో కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు ఎదురింటావిడకు వేరేగా అర్థమయ్యాయి.

నెల మొదట్లోనే పంచదార అప్పుకు వచ్చారంటే ఏమిటి దానర్థం? పింఛను ఆగిపోయింది! ఎదురింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ టైలరు చెవిలో వేసింది. టైలరు కిరాణాకొట్టు ఆయన చెవిలో వేశాడు. ఆయన ఇంటి ఓనరు చెవిలో వేశాడు. చెవి చెవికీ చిలవలు పలవలు పుట్టాయి. చివరికి బ్యాంకులో దాచుకున్నది కూడా పోయిందనీ, స్టోరుకీపరుగారు పాపం ఒంటిపూట తింటున్నారనీ తేలింది.

ఇదేమీ తెలియని స్టోరుకీపరుగారికి లోకం ఉన్నట్టుండి మంచిదైపోయినట్టు తోచింది. కిరాణాకొట్టు ఆయన "డబ్బుకేం తొందర సార్, మీకు వీలున్నప్పుడే ఇవ్వండి," అన్నాడు. అద్దె ఇవ్వబోతే ఓనరు చేతులు వెనక్కి దాచుకున్నాడు. బలవంతాన జేబులో కుక్కాల్సి వచ్చింది. టైలరు ఏకంగా ఒక చొక్కా పట్టుకొచ్చి, "ఎవరో కుట్టించుకుని తీసుకెళ్లలేదు సార్, మీరు వేసుకుంటే నాకు తృప్తి," అన్నాడు.

"చూశావుటే! పద్ధతిగా ఉంటే మనిషికి విలువ ఎలా పెరుగుతుందో? ఇన్నేళ్లు నువ్వు నడిపావు, ఒక్కడైనా చొక్కా ఇచ్చాడా?" అని ఆయన ఇంటికొచ్చి పొంగిపోయారు.

"ఇవ్వలేదండీ," అంది ఆవిడ. సంగతేమిటో ఆవిడకూ అంతుపట్టలేదు.

ఆదివారం పొద్దున వాకిట్లో కారు ఆగింది. బావమరిది దిగాడు. ఎదురింటావిడ ఫోను చేసి కబురు చేరేసిందట. దిగుతూనే అక్కను పట్టుకుని బావురుమన్నాడు. ఏం జరుగుతుందోనని ఎదురింటావిడ, టైలరు, కిరాణాకొట్టు ఆయన, ఓనరు గుమ్మం దగ్గర మూగారు.

"అక్కా! పంచదారకు ఎదురిల్లు ఎక్కే గతి పట్టిందా నీకు?"

"అది కాదురా, మీ బావగారు..."

"నువ్వేం చెప్పకు, నాకంతా తెలుసు. బావగారూ, పింఛను ఆగిపోతే నాకొక్క మాట చెప్పకూడదా? నేనేమన్నా పరాయివాణ్ణా?"

చొక్కా, అద్దె, అరువు అన్నీ స్టోరుకీపరుగారికి ఒక్కసారే అర్థమయ్యాయి. ముఖం కందగడ్డ అయింది. "నా పింఛను ఆగడమేంటయ్యా!" అని బీరువా గది వైపు గబగబా నడిచారు. తాళం తీసి చూపిస్తే చాలు, పోయిన పరువు తిరిగొస్తుంది. ఇంట్లో అంత సరుకు పెట్టుకుని పెళ్లాన్ని అప్పుకు తిప్పాడని తెలిశాక అది ఇంకో దారిన పోతుందని ఆయనకు తోచకపోలేదు. అయినా ఆగలేదు.

బావమరిది అడ్డుపడ్డాడు. "ఊరుకోండి బావగారూ. ఇన్నాళ్లూ 'నా పింఛను లేదూ' అంటూ అక్కను పంపలేదు. ఇప్పుడా మాట అనలేరుగా? కారు తెచ్చాను. కొన్నాళ్లు మా దగ్గర, సముద్రం పక్కన ఉంటుంది. ఏమంటారు?"

ఏమంటారు? పింఛను వస్తోందంటే పాత మాట మీద నిలబడాలి. నిలబడదామంటే టికెట్టు డబ్బు బీరువా అయి కూర్చుంది. ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ కారు వైపు ఒక్కసారి చూసి, ఎవరైనా గమనిస్తారేమోనని గబుక్కున చూపు తిప్పేసుకుంది. ఆయన ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ కోరింది ఇదొక్కటే. దాన్ని తన మీసం కింద అణిచేశానని ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"పరిస్థితి... కాస్త ఇబ్బందిగానే ఉందయ్యా," అన్నారు తల దించుకుని. "తీసుకెళ్లు."

గుమ్మం దగ్గర అందరూ "అయ్యో!" అన్నారు.

లోపల పెట్టె సర్దుతూ ఆవిడ గొంతు తగ్గించి, "ఏవండీ, నిజం చెప్పేద్దాం. వీధి వీధంతా మిమ్మల్ని..." అంది.

"నువ్వు ఊరుకో. ఆ చీర కాదు, మంచిది కట్టుకో. అలల దగ్గరికి వెళ్లేటప్పుడు తమ్ముడి చెయ్యి పట్టుకో, కాలు జారుతుంది," అన్నారు ఆయన, ఆవిడ ముఖంలోకి చూడకుండా.

కారు అలా వీధి మలుపు తిరిగిందో లేదో, ఎదురింటి నుంచి అన్నం, కూర వచ్చాయి. "కడుపు మాడ్చుకోకండి అన్నయ్యగారూ!" రాత్రికి టైలరు ఇంటి నుంచి, మర్నాడు ఓనరు ఇంటి నుంచి. వద్దంటే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నోరు ఖాళీగా ఉంటే నిజం జారిపోతుందేమోనని ఆయన పెట్టినవాళ్ల ఎదుటే మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

పది రోజుల తర్వాత ఆవిడ తిరిగొచ్చింది. ఎండకు కమిలినా ముఖం వెలిగిపోతోంది. "ఎంత పెద్దదనుకున్నారండీ! అసలు చివరే లేదు!" అని గుమ్మంలోనే మొదలుపెట్టి, సగంలో ఆగి, ఆయన్ని ఎగాదిగా చూసింది. పేదరికం ఆయనకు బాగా ఒంటబట్టింది.