నడుస్తుండగా తీయబడిన డిస్కు

నడుస్తున్న యంత్రంలోంచి, దాన్ని ఆపకుండానే, ఒక డిస్కును బయటికి తీసే మహత్కార్యం మంగళవారం పదకొండు గంటలకు జరుగుతుందని ఆఫీసు నోటీసు బోర్డు ప్రకటించింది. యంత్రం ఉత్తుత్తిది. అంటే, ఒక కంప్యూటరు కడుపులో కూర్చుని తానూ కంప్యూటరునేనని నమ్ముకుని బతుకుతున్న సాఫ్టువేరు. డిస్కూ ఉత్తుత్తిదే. శ్రమ మాత్రం నిజం; దాన్ని రెండేళ్లుగా ఒక ఇంజనీరమ్మ పడింది. మాటకు ముందు "ఆగండి" అంటుంది కాబట్టి అందరూ ఆమెను ఆగండమ్మ అనేవారు.

డిస్కు తగిలించడం తేలికేనని ఆమె పదిసార్లు చెప్పింది. తీసేటప్పుడే మర్యాద కావాలి. ముందు యంత్రానికి విన్నపం పంపాలి. అది రాసుకుంటున్నది పూర్తిచేసి వదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. డైరెక్టరుగారు ఈ వివరణను ఎంతో మెచ్చుకున్నారు, వినలేదు. ప్రదర్శనకు ఆయన ఎంచుకున్నది పెద్దాసుపత్రిలో రోగుల వరుస నంబర్లు చూసుకునే యంత్రం. ఖాళీ యంత్రం మీద చేద్దామని ఆమె అంటే, "చూసేవాళ్లకి కిక్కుండొద్దూ?" అన్నారు.

డిస్కు తగిలించారు. చప్పట్లు. యంత్రం సంబరపడి ఆసుపత్రి నంబర్ల పట్టికను కొత్త డిస్కు మీదికి మార్చుకోవడం మొదలుపెట్టింది. అంతలోనే తీసే విన్నపమూ పంపారు. తెరమీద "వేచి ఉండండి" అని వచ్చింది.

డైరెక్టరుగారు తొమ్మిది సెకన్లు ఓర్చారు. ఆయన ఉద్యోగ జీవితంలో అదే రికార్డు.

"ఇంకా ఏంటమ్మా?"

"ఆగండి సార్, అది ఇంకా రాస్తోంది. వదలగానే తీద్దాం."

ఆయన అతిథుల వైపు తిరిగారు. "లేని డిస్కును తీయడానికి, లేని యంత్రం అనుమతి కోసం మన సంస్థ ఎదురుచూడాలా? నాయకత్వమంటే నిర్ణయం!" అంటూ, బలవంతంగా తీసే మీట తానే నొక్కారు. చప్పట్లు సద్దుమణగకముందే ఆసుపత్రిలో నంబర్లు చూపే బోర్డు తెల్లబోయింది.

డిస్కు నిజంగానే పోయింది గనుక ప్రయోగం నూరుశాతం విజయవంతమైనట్లు పత్రికా ప్రకటన టైపు చేయించడం మొదలైంది. ఆగండమ్మ దాని జోలికి పోకుండా పట్టిక నకలు కోసం వెతికింది. దొరికింది నిన్నటిది. దండగని ఆసుపత్రివాళ్లు కాగితం చీటీలు ఏనాడో మానేశారు. ఆమె అక్కడి గుమాస్తాకు ఫోను చేసింది.

"అన్నా, మూడొందల మందీ అక్కడే ఉన్నారుగా, ఎవరి నంబరు వాళ్లకి గుర్తుంటుంది. అడిగి రాసి పంపు. నేను ఎక్కించేస్తా."

పాపం, గుమాస్తా ఒక్కొక్కరినీ అడిగి రాసి పంపాడు. నూట పన్నెండు మంది ఒకటో నంబరు. ఎనభై మంది రెండు. ఇరవై దాటినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక పెద్దాయన తనది సున్నా అన్నాడట.

ఆమె తల పట్టుకుంది. కంటి పరీక్షకని తన తల్లి కూడా ఆ వరుసలోనే కూర్చుని ఉంది. కనీసం ఒక్క అసలు నంబరైనా దొరుకుతుందని ఆమెకు ఫోను కలిపింది.

"అమ్మా, పొద్దున నీది రెండొందల పద్నాలుగు అన్నావు కదూ?"

"అవునే."

"మరి గుమాస్తా అడిగితే ఏం చెప్పావు?"

తల్లి గొంతు తగ్గించింది.

"మూడు అన్నానే. మరీ ఒకటి అంటే ఏం బాగుంటుంది!"