ఆగని బండికి గంట

"నా మనసేం బాగాలేదురా. ఇవాళ ఏదో ఒకటి జరుగుతుంది, చూస్తూ ఉండు!"

"ఇంకా ఏమీ కాలేదు కదమ్మా," అన్నాడు స్టేషన్ మాస్టరు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"అదేరా నా భయం!"

ఆ పల్లెటూరి స్టేషన్లో బండి ఆగి ఏళ్లు గడిచాయి. ఆవిరి ఇంజన్ల కాలంలో ప్రతి బండీ అక్కడ నీళ్లు పట్టుకోవలసిందే. ఆ ఇంజన్లు పోయాక, ఇప్పుడొచ్చేవన్నీ దుమ్ము రేపుకుంటూ పోయేవే. మాస్టరు పుట్టింది అక్కడి వెయిటింగ్ రూములోనే. అప్పటి మాస్టరైన తండ్రి ఆ కంగారులో పచ్చజెండా ఊపడం మరిచిపోతే, బండిలో వాళ్లందరూ బిడ్డను చూసి మరీ వెళ్లారు. అలాంటి స్టేషనుకు తాళం వేయాలో వద్దో తేల్చడానికి ఇవాళ పై అధికారి వస్తున్నాడు. తాళం పడితే కొడుకుని ఏ మూలకు విసిరేస్తారో, కాపురానికొచ్చిన ఆ క్వార్టర్సు వదిలి తానెలా బతకాలో తల్లికి తోచలేదు.

కొడుకు జీపుకు ఎదురెళ్లాడు. ఊరికే కూర్చుంటే భయాలు పెరుగుతాయని తల్లి ప్లాట్‌ఫారం ఊడ్చింది, బెంచీ తుడిచింది. గంట బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్క తుప్పు పట్టి కనిపించింది. తుప్పు రాలుతుందని ఇనపకడ్డీతో ఒకటి వేసింది. ఖణేల్మంది. ఆ మోత విని ఎన్నాళ్లయిందో! పోయిన భర్త ఇంకా డ్యూటీలో ఉన్నట్టే అనిపించింది. తుప్పంతా రాలిపోయాక కూడా ఇంకో రెండు వేసింది.

గేటు దగ్గర కునుకు తీస్తున్న ముసలి గేట్‌మాన్ ఉలిక్కిపడి లేచి గేటు దించేశాడు. టీ కొట్టు మావయ్య పొయ్యి వెలిగించాడు.

"బండి ఆగుతుందట!"

"ఆగకపోతే గంటెందుకు కొడతారు?"

ఊరు ఊరంతా పెట్టెలతో, పరుపుచుట్టలతో, చంకలో పిల్లలతో స్టేషను మీద పడింది.

గేటు అవతల అధికారి జీపు ఆగిపోయింది.

"గేటెత్తవయ్యా!"

"బండి పోకముందే ఎత్తితే నా ఉద్యోగం పోతుందండీ."

"ఇప్పుడు బండే లేదు బాబాయ్!" అన్నాడు మాస్టరు, జీపులోంచి తల బయటపెట్టి.

"గంట కొట్టారుగా! మీ నాన్నగారి గంటకి ఎప్పుడైనా ఎదురుచెప్పానా?"

మాస్టరు స్టేషనుకు ఫోన్ చేశాడు. "అమ్మో, ఈ వేళప్పుడు ఫోనంటే చెడ్డ కబురే!" అని తల్లి దాని జోలికే పోలేదు.

చివరికి అధికారి ఎండలో చెమటలు కక్కుతూ పట్టాల వెంట నడిచొచ్చాడు. వెనకే మాస్టరు, ముఖం వేలాడేసుకుని. ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టడానికి చోటు లేదు.

"జరగండర్రా, పాపం, ఈయనా బండికే వచ్చినట్టున్నాడు," అంటూ టీ కొట్టు మావయ్య ఆయన్ని బెంచీ మీద ఇరికించి, చేతిలో గ్లాసు పెట్టాడు. "అప్పట్లో ఈ బెంచీ కోసం కొట్టుకునేవాళ్లం సార్."

తాళం సంగతి తేల్చడానికి వచ్చిన మనిషి రెండు గుక్కలు తాగి, అందరితోపాటు మెడ సాచి పట్టాల చివరికి చూశాడు. తరువాత తేరుకున్నాడు.

"ఇంతకీ మీరంతా ఏ బండి కోసం?"

అందరూ మాస్టరు వైపు చూశారు. మాస్టరు నేల చూపులు చూశాడు. వెనక నుంచి తల్లి గొంతు వినిపించింది.

"ఏది ఆగితే అది, బాబూ."